మొదటి అప్పము ఎవరికి?



ఈ మాసమున నేను వ్రాయబోవునది మా వంటింటిలో జరిగిన సంగతి. పత్రికకు ఎక్కదగినంత పెద్దది కాదని మా యింటివారి అభిప్రాయము. అయినను మూడు వారములనుండి అది నా మనస్సులో ముల్లువలె గుచ్చుచున్నది గనుక మీ యెదుట పెట్టుచున్నాను.

మా కోడలు ఒక శనివారము ఓట్సుతో బిస్కత్తులు చేసెను. ఈ ధాన్యము మన పొలములలో పండునది కాదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది మొదలు మన డెల్టాకు వరియే సర్వస్వము. ఓట్సు చలిదేశముల పంట; రష్యాలోను కెనడాలోను విస్తారముగా పండును. 1874లో కాకినాడలో పని ఆరంభించిన బాప్తిస్టు మిషనరీలు ఆ కెనడా దేశమునుండి వచ్చినవారే. ఇంగ్లీషు నిఘంటుకారుడైన శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువులో ఈ ధాన్యమును గూర్చి చెప్పుచు, ఇంగ్లండులో దీనిని గుర్రములకు పెట్టుదురనియు, స్కాట్లండులో మనుష్యులే తిందురనియు పరిహాసముగా వ్రాసెను. అనగా అక్కడ అది బీదవాని తిండి, మనకు చోళ్లవంటిది. మా చిన్నతనమున చోడి అంబలి త్రాగి బడికి వచ్చితిమని చెప్పుకొనుటకు సిగ్గుపడెడివారము. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఇప్పుడు అదే చోడిపిండిని అందమైన పొట్లములలో కట్టి అమ్ముచున్నారు. బీదవాని గిన్నెలోనిది ధనికుని బల్లమీదికి ఎక్కినప్పుడు దాని పేరు కూడ మారును గాబోలు.

డాక్టరు నా రక్తము పరీక్షించి, కొవ్వు ఎక్కువైనది, ఉదయమున ఓట్సు జావ త్రాగుమని చెప్పుటచేత ఆ పొట్లము మా యింట ప్రవేశించెను. నేను రెండు దినములు త్రాగి మానివేసితిని. మిగిలినది పురుగు పట్టకముందే ఏదైన చేయవలెనని కోడలు పూనుకొనెను.

మా యింట ఓవెను లేదు. అడుగు మందముగల పాత డేగిసాలో రెండు అంగుళముల మేర ఇసుక పోసి, దానిమీద చిన్న ఇనుప స్టాండు పెట్టి, మూత వేసి 10 నిమిషములు వేడి చేసెను. రెండు గ్లాసుల ఓట్సు దోరగా వేయించి, సగము బరకగా విసరి, సగము అట్లే ఉంచెను. ఒక గ్లాసు గోధుమపిండి, ముప్పాతిక గ్లాసు బెల్లపు కోరు, అర గ్లాసు నెయ్యి, గుప్పెడు కొబ్బరికోరు, నాలుగు యేలకులు, చిటికెడు వంటసోడా వేసి, పాలు చిలకరించి ముద్ద చేసెను. నిమ్మకాయంత ఉండలు చుట్టి, అరచేతిలో అదిమి, నెయ్యి రాసిన పళ్లెములో ఎడమెడముగా పేర్చి, డేగిసాలో దింపి, సన్నని మంటమీద 25 నిమిషములు ఉంచెను. పళ్లెమునకు ఎనిమిదే పట్టును. మూడు వాయిలకు 24 బిస్కత్తులు. దానికి ఒక పూటంతయు పట్టును. ఈ లెక్క జ్ఞాపకముంచుకొనుడి.

ఈ బిస్కత్తు దింపిన వెంటనే గట్టిగా నుండదు. ముట్టుకొనిన విరుగును. ఆరినకొలది గట్టిపడును. అరిసె పాకమునకు ఎంత ఓపిక కావలెనో దీనికిని అంత కావలెను.

మొదటి వాయి దిగుసరికి బెల్లము, నెయ్యి కలిసిన వాసన వీధిలోనికి పోయెను. వాసనకు గోడ అడ్డము కాదు గదా. ప్రక్క యింటి పిల్లవాడు, యేడేండ్లవాడు, వచ్చి మా గడపకు అవతల నిలిచెను. వాని తల్లి తెల్లవారకముందే ఆటో ఎక్కి రొయ్యల షెడ్డులో పనికి పోవును. చీకటిపడిన తరువాత తిరిగి వచ్చును. వాడు ఏమియు అడుగలేదు. చేతులు వెనుకకు కట్టుకొని మా యింటి దూలమువైపు చూచుచుండెను. కావలసినదానిని చూడకుండ మరియొకదానిని చూచెడి పిల్లలను మీరును చూచియుందురు. మా మనుమలిద్దరు లోపల పళ్లెము చుట్టు కూర్చుండి యుండిరి.

నేను వరండాలో పడక కుర్చీలో కూర్చుండి 1 రాజులు 17వ అధ్యాయము చదువుకొనుచుంటిని. మరునాడు స్త్రీల సమాజములో నేను చెప్పవలసిన పాఠము అదే. సారెపతులోని విధవరాలు తనకును తన కుమారునికిని మిగిలిన పట్టెడు పిండితో మొదట ప్రవక్తకు చిన్న అప్పము చేసియిచ్చిన కథ. దేవుడే నాకు సమయోచితముగా దృష్టాంతము పంపెనని సంతోషించి, కుర్చీలోనుండియే కేక వేసితిని. "అమ్మాయ్, మొదటిది ఆ పిల్లాడి చేతిలో పెట్టు."

ఆమె వెంటనే బదులు చెప్పలేదు. చెమట తుడుచుకొని గుమ్మములోనికి వచ్చి మెల్లగా అనెను: "పెడతానండి మామయ్యగారూ. పెట్టడానికి నాకేం కష్టం లేదు. కానీ పొద్దున్నించీ పొయ్యి దగ్గర నుంచున్నది నేను. నా పిల్లలింకా నోట్లో పెట్టుకోలేదు. మీరు చేసిందేదైనా ఉంటే అందులో మొదటిది ఇవ్వండి. నేను చేసిందాంట్లో మొదటిది ఎవరికో నన్ను అనుకోనివ్వండి."

అని లోపలికి పోయి, ఒక బిస్కత్తు తెచ్చి పిల్లవాని చేతిలో పెట్టెను. అది ఇంకను వేడిగా నుండుటచేత రెండుగా విరిగి గడపమీద పడెను. వాడు కూర్చుండి పొడితో సహా ఏరుకొని తిని, చేయి చొక్కాకు తుడుచుకొని వెళ్లిపోయెను.

ఆమె మాటకు నా యొద్ద జవాబు లేకపోయెను. పెద్దవానిని, సంఘములో నలుగురు మాట వినెడివానిని. కోపము వచ్చెనని ఒప్పుకొనుచున్నాను. ఆ రాత్రి దీపము దగ్గర కూర్చుండి ఆమెకు విరోధముగా వాక్యము వెదకితిని. దొరికినది ఆమె పక్షముననే యుండెను. 1 తిమోతి 5:8లో పౌలు, స్వకీయులను, విశేషముగా తన యింటివారిని పోషింపనివానిని గూర్చి ఎంత కఠినముగా మాటలాడెనో మీకు తెలియును. అవిశ్వాసికంటె వానిని క్రిందికి దించెను. తన బిడ్డల నోటికి తీపి అందింపవలెనని ఉదయమునుండి పొగలో నిలిచిన తల్లిది లోభమని ఎట్లనగలను?

అప్పుడు సారెపతు కథ మరల చదివితిని. ఈసారి చెప్పుటకు కాదు, వినుటకు.

మన కాలువల ప్రక్కన పుట్టినవారికి ఆ కరవు ఎట్టిదో ఊహించుట కష్టము. ఆనకట్టకు పూర్వము మన గోదావరి జిల్లా కూడ 1833 నాటి కరవులో అల్లాడినది. నది ఎదుట నుండగనే జనులు తిండిలేక చచ్చిరి. అట్టి కాలమున ఆ స్త్రీ పట్టణపు గవినియొద్ద పుల్లలు ఏరుకొనుచుండెను. ఏలీయా ఆమెను అడిగెను. నేను ఇదివరకు గమనింపని సంగతి ఇది: ఏలీయా ఆకలిగొని యుండెను. అతడు నివసించిన వాగు ఎండిపోయెను. తనకొరకే, తన నోటితోనే అడిగెను. పరదేశి, యాచకుడు, ఆ యింటిపై అతనికి ఏ అధికారమును లేదు. ఆమె తన దుఃఖమంతయు చెప్పువరకు విని, భయపడవద్దని చెప్పి, అప్పుడు చిన్న అప్పము అడిగెను. చిన్నది. ఉన్నదంతయు కాదు. చేయుటయు మానుటయు ఆమె చేతిలోనే యుండెను. పిండి పిసికినది ఆమె, మంట వేసినది ఆమె, ఇచ్చినది ఆమె.

నేను ఎవడను? కడుపు నిండినవాడను. పడక కుర్చీలోనివాడను. నా చేతిలో పుల్ల యైనను లేదు. మరియొకరి చెమటను మరియొకని పేరట అడిగి, ఆ ధర్మమును నా ఖాతాలో వ్రాసికొనదలచితిని. దీనికి ప్రవక్త పోలిక చెప్పుకొనుట ఎంత సాహసము! మన సంఘములలో ఇది క్రొత్త వింత కాదు. ప్రేమవిందు ప్రకటించువాడు మగవాడు. ఆ విందుకు తెల్లవారుజామున ఉల్లిపాయలు తరుగునది స్త్రీ. "మన సంఘము వందమందికి భోజనము పెట్టినది" అని నివేదికలో వ్రాయుదుము. పెట్టిన చేతులకు పసుపు మరకలు ఇంక పోయియుండవు.

ఇంతవరకు కోడలి మాట న్యాయమే. అయినను అంతటితో విషయము తీరలేదు. గడపమీద పొడి ఏరుకొనిన ఆ పిల్లవాడు నా కన్నులయెదుటనుండి పోలేదు.

మార్కు 7వ అధ్యాయమున, తూరు ప్రాంతములలో, ఒక అన్యురాలు తన కుమార్తెకొరకు ప్రభువు పాదములమీద పడెను. మత్తయి దానిని తూరు సీదోనుల ప్రాంతమనెను. సారెపతు సీదోనుకు చెందిన ఊరే. అనగా ఏలీయా విధవరాలిని మొదటి అప్పము అడిగిన సీమలోనే ప్రభువు ఈ స్త్రీతో, ముందు పిల్లలు తృప్తిపొందవలెననియు, పిల్లల రొట్టె కుక్కపిల్లలకు వేయుట తగదనియు అనెను. ఒకే సీమలో రెండు మాటలు: ఒకచోట పరదేశికి ముందు, ఒకచోట పిల్లలకు ముందు. మా కోడలి మాట ప్రభువు నోటనుండియే వచ్చినట్లున్నది గదా!

ఆ స్త్రీ వాదింపలేదు. పిల్లలు ముందు అనుటను కాదనలేదు. అయితే పిల్లలు తినుచుండగనే ముక్కలు క్రింద పడుచున్నవనెను. తల్లి యైనందున ఆమెకు ఇది తెలియును. పిల్లలు తిను బల్లయొద్ద ముందు, తరువాత అను గీత నిలువదు, పెట్టుచుండగనే రాలును. ఆమె మాటలో నున్న బలము ఇదేయని నాకు తోచుచున్నది. ప్రభువు ఆమె మాటకు లోబడెను. ఒక ముక్క ఇచ్చి పంపలేదు. ఇశ్రాయేలు బిడ్డకు ఏమి చేయునో ఆ బిడ్డకును అదే చేసెను, పూర్ణమైన స్వస్థత.

ముక్కలను గూర్చి ఈ అధ్యాయము చదువునప్పుడెల్ల నాకు ఒక దినము జ్ఞాపకమునకు వచ్చును. 1958, కనుమ పండుగ. నాకు ఎనిమిదేండ్లు. మా అమ్మ నన్ను వెంటబెట్టుకొని తాను పనిచేయు కామందు ఇంటికి పోయెను. దొడ్డివైపు నిలిచితిమి. ఇంటి యజమానురాలు అరిసెలు తెచ్చి, ఎడముగా నిలిచి, మా అమ్మ చాచిన కొంగులోనికి పైనుండి వదలెను. అయిదో ఆరో ఉండును. ఒకటి జారి క్రిందపడి విరిగెను. మా అమ్మ దానిని తీసి, ఊది, నా చేతిలో పెట్టెను. ఆ బియ్యము మా అమ్మ ఊడ్చి, కోసి, మోసిన చేలోనివే. ఆమె చెడ్డది కాదు, ఇవ్వనివారును ఉండిరి. అరిసె తియ్యగానే యుండెను. అబద్ధమాడను, నేను నవ్వుచు తింటిని. మా అమ్మ మాత్రము ఒకటియు తినలేదు. "నాకు పళ్ళు లాగుతాయిరా" అనెను. ఆమెకు అప్పటికి ముప్పది యేండ్లు కూడ నిండలేదు.

1960వ దశకమున బడిలో అమెరికా గోధుమనూకతో ఉప్మా వండి పెట్టెడివారు. 1954లో అమెరికావారు చేసిన పి.ఎల్. 480 అను శాసనముక్రింద మన దేశమునకు వచ్చిన సరకులో నది యొకటి. దాని వాసన మాకు గిట్టెడిది కాదు. అయినను పళ్లెములు వరుసగా నుండెను, అందరికి ఒకే గరిటె. చప్పని ఆ ఉప్మా తినుచు నేను ఎన్నడును తల వంచుకొనలేదు. తియ్యని అరిసె తినునప్పుడు మాత్రము మా అమ్మ తల వంచుకొనెను. ఈ రెంటికిని భేదము తెలిసికొనుటకు నాకు అరువదేండ్లు పట్టినది. తెలిసిన తరువాతనైన ఏమి చేసితిని? ఆ పిల్లవానిని గడప అవతలనే నిలువబెట్టితిని. "లోపలికి రారా" అని పిలువలేదు. మొదటిది ఇచ్చితినను గర్వముతో, ఆ దొడ్డివైపు ఆచారమునే మా గుమ్మములో మరల జరిపించితిని. మొదటిది ఇచ్చినంత మాత్రమున ఇచ్చిన విధము మారదు.

బైబిలులో కుటుంబమంతయు కలిసి అప్పములు చేయుట ఒకచోట విపులముగా వ్రాయబడియున్నది. యిర్మీయా 7:18. పిల్లలు కట్టెలు ఏరుదురు, తండ్రులు నిప్పు రాజబెట్టుదురు, స్త్రీలు పిండి పిసుకుదురు. ఎంత ముచ్చటైన ఇల్లు! చదువుచు పోయిన, ఆ అప్పములన్నియు ఆకాశరాణియను విగ్రహమునకు. కలిసి పనిచేయుట మంచిదే. దేనికొరకు అనునది వేరు ప్రశ్న. మన యిండ్లలో ఆకాశరాణి లేదు. కాని "మా యిల్లు, మా పిల్లలు, మా క్రిస్మసు పిండివంటలు నలుగురికంటె బాగుండవలెను" అను ఆశ ఉన్నది. అదియు నైవేద్యములు కోరును. దానికి ఎదురుగా నెహెమ్యా 8:10 చూడుడి. కన్నీరు విడుచుచున్న జనులతో, క్రొవ్వినది తినుడి, మధురమైనది త్రాగుడి, తమకొరకు ఏమియు సిద్ధపరచుకొననివారికి భాగములు పంపుడి అను భావముగల మాట చెప్పబడెను. తినవద్దనలేదు. తినినదానిలో మిగిలినది పంపుడనియు అనలేదు. భాగము అనెను. భాగమునకు హక్కుదారు ఉండును.

మరునాడు స్త్రీల సమాజములో నేను సిద్ధపరచిన పాఠము చెప్పలేకపోతిని. జరిగినది జరిగినట్లు చెప్పి కూర్చుంటిని. కోడలు తల వంచుకొని, "అదంతా ఎందుకండి ఇక్కడ" అని గొణిగెను. కొంతసేపు ఎవరును మాటలాడలేదు. తరువాత ఒక వృద్ధురాలు, జీవితమంతయు కలుపు తీసి బ్రదికిన ఆమె, అనెను: "పిండి తరిగిపోదని ఆవిడకి ముందు తెలీదు కదయ్యా. తెలిసుంటే ఎవరైనా పెడతారు. అయినా ఆ మర్నాడు ఆవిడ బిడ్డకి జబ్బు చేసింది కదా, అది చెప్పరేం?" నిజమే. మర్నాడని వ్రాయబడలేదు గాని, 16వ వచనముతో మనము ఆపివేయుదుము. 17వ వచనమున ఆ బిడ్డ ఊపిరి పోయినది. అప్పము ఇచ్చినందుకు ఆమెకు దుఃఖము తప్పలేదు. అయితే ఆ దినమున ఆమె ఒంటరిగా లేదు. ఆమె అప్పము తినినవాడు ఆమె మేడగదిలోనే యుండెను, ఆ బిడ్డను తన చేతులలోనికి తీసికొనెను. పెట్టి తిన్నవారి మధ్య పిండికంటె మరియొకటి కూడ తరగక యుండునేమో. నాకు నిశ్చయముగా తెలియదు. ఆ వృద్ధురాలికి తెలిసినట్లు తోచినది.

పోయిన శనివారము పొట్లములో మిగిలిన ఓట్సుతో మరల చేయ సంకల్పించిరి. నేను కుర్చీ విడిచి వంటింటిలో పీట వేసికొని కూర్చుంటిని. బెల్లము కోరుట నా వంతు. ఆ వయస్సున అంత బెల్లము కోరుట సులభము కాదు. వ్రేళ్ల కణుపులు వాచినవి. రెండవ వాయికి ఉండలు చుట్టుట ఆరంభించితిని. ఒకటి గోలీ అంత, ఒకటి జామకాయంత వచ్చుచుండుట చూచి కోడలు నవ్వు ఆపుకొనలేకపోయెను. ఆ పిల్లవాడు వచ్చి గడప అవతల నిలిచెను. నేను నోరు తెరువలేదు. చాల కష్టముమీద తెరువలేదు.

కోడలు తల యెత్తకుండనే అనెను: "ఏరా, చేతులు కడుక్కునిరా. తాతయ్యకి రావట్లేదు, నువ్వు చుట్టు."

వాడు వచ్చి మా మనుమల మధ్య కూర్చుండి చుట్టెను. నాకంటె నేర్పరి. మూడు వాయిలు దిగువరకు నలుగురము పళ్లెము చుట్టు కూర్చుండి, ఆరువరకు ముట్టుకొనవద్దని ఆమె చెప్పుటచేత ఆ పళ్లెమును చూచుచుంటిమి. మొదటిది ఎవరు తీసిరో నాకు జ్ఞాపకము లేదు. వాడు రెండు తినెను.

సాయంకాలమున ఆమె డబ్బాలో వేయుచు లెక్క చూచుకొనెను. చేసినవి 24. అందరు తినినవి కలిపి చూడగా ఒకటి తక్కువైనది. వాడు వెళ్లునప్పుడు చొక్కా జేబుమీద చేయి అడ్డుపెట్టుకొని నడచుట నేను చూచితిని. వానికి ఒక చెల్లెలున్నది. కోడలును చూచినట్లున్నది. ఆమె మరల లెక్కింపలేదు. డబ్బా మూత బిగించి పైన పెట్టెను.